తెల్ల సంపెంగకు పసుపు మూటలు

మల్కాపురం తెల్ల సంపెంగను కొట్టబోతే భద్రకాళి అమ్మవారు రంపం ఆపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మవారితో నాకు తగువు లేదు, చెప్పేవాళ్ళతోనే. రంపాన్ని ఆపింది సేఫ్టీ వారోత్సవాల బ్యానర్ గుడ్డ. ఆ గుడ్డ కట్టించింది నేను.

స్వచ్ఛంద విరమణకు ముందు వచ్చిన చివరి వర్షాకాలం అది. ఒక పెద్ద కర్మాగారం ఉద్యాన విభాగంలో అసిస్టెంట్ మేనేజర్‌ని. నాకు పైన మేనేజరు, కింద మేస్త్రీ, ఆ కింద మాలీలు. మొక్క బతికితే పేరు పైవాళ్ళది, చస్తే నాది. టౌన్‌షిప్ కొత్త రోడ్డు పొడవునా సువాసన పూల చెట్లు పెంచే పని నాకు అప్పగించారు. నర్సరీలో కొన్న సంపెంగలు ఉప్పుగాలికీ దుమ్ముకీ ఆకు మాడి రెండుసార్లు పోయాయి. మూడోసారీ పోతే ఆ రోడ్డుకు సిమెంటు కుండీలే గతి అని మేనేజరు తేల్చేశారు.

అప్పుడు మల్కాపురంలో మా పాత క్వార్టర్ల ముందున్న తెల్ల సంపెంగ గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి పొగనూ ఉప్పునూ మింగి, సందంతా వాసన కమ్మేలా పూసే చెట్టు. నాకు దాని సంతానమే కావాలి. చిక్కేమిటంటే ఆ చెట్టు గింజ కట్టదు, కొమ్మ నరికి పాతితే వేరు పట్టదు. ఇక మిగిలింది గాలి అంటు. పైగా కాలువ వెడల్పు కోసం దాన్ని కొట్టేయాలని అప్పటికే ఆర్డరు అయింది. వానలు వెళ్ళాకే కొడతామని సివిల్ ఇంజనీరు మాటిచ్చారు. ఆ వానల్లోనే నాకు వేళ్ళు రావాలి.

గాలి అంటు అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేరు పుట్టించడం. బొటనవేలి లావు కొమ్మకు రెండు వేళ్ళ వెడల్పున చుట్టూ బెరడు ఒలవాలి. లోపలి జిగట పొరను గీకేయాలి. బద్ధకించి వదిలేస్తే బెరడు మళ్ళీ కలిసిపోతుంది, వేరు రాదు. పై అంచుకు వేరు మందు రాసి, తడిపి పిండిన నాచు పొదిగి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు కొసలూ బిగించాలి. ఆకులు చేసిన ఆహారం కిందికి దిగే దారిలేక ఆ అంచు దగ్గర ఆగుతుంది. వేళ్ళు పుట్టేది అక్కడే. మధ్యలో ఎండ కాస్తే నాచు ఉడికిపోతుంది కనక పైన గుడ్డ కూడా కట్టాలి. గుడ్డ అడిగితే స్టోర్స్ వాళ్ళు పాత బ్యానర్లు పడేశారు. పసుపు రంగువి. మేస్త్రీ అప్పలనాయుడు వాటిని చింపి ముచ్చటగా మూటలు కట్టాడు.

తరవాత చూడబోతే మూటలు రెట్టింపయ్యాయి. చెట్టు మొదట్లో కుంకం, కొమ్మలకు గాజులు. కాలనీ ఆడవాళ్ళు నా అంట్లను ముడుపులనుకుని తమవీ కట్టేశారు. అవి ముడుపులు కావు, లోపల ఉన్నది నాచు అని చేపలమ్మే నూకరత్నానికి వివరించబోయాను.

“నీ గుడ్డలో నాసుంటే నీకమ్మా. మా గుడ్డలో బియ్యమున్నాయి, మా జోలికి రాకు. అయినా పేరు రాసుంది కదా, సూడు!”

చూశాను. “భద్రత” అన్న మాట చిరిగి “భద్ర” దాకా మిగిలింది. “కాళి” జనం కలుపుకున్నారు.

“మరి నీ మూటేదో నా మూటేదో ఎలా తెలుస్తుంది?”

“ఏటమ్మా, అంత సదువు సదివావు, నీ ముడి నీకు తెల్దా?”

వానలు ఇంకా పడుతుండగానే కాంట్రాక్టరు మనుషులు రంపంతో దిగారు. వేరే చోట పని ముందే అయిపోయిందట. అప్పలనాయుడు ఫోన్ చేశాడు: “మేడమ్, సెట్టు కాడ రంపం దిగింది. నాను ఆపితే ఆగుతారేటి, బేగి రండి!”

నేను చేరేసరికి రంపం నేల మీదుంది. నూకరత్నం చేపల తట్టతో సహా చెట్టుకు ఆనుకుని కూర్చుంది.

“ముడుపులిప్పకుండా సెట్టు కోసెత్తారేటి? మీ ఇళ్ళల్లో ఆడోళ్ళు నేరా?”

రంపం తెచ్చినవాడు చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఇంజనీరు ఫోన్ చేసి, కాలువ మీద గుడి కట్టారటగా మేడమ్ అన్నారు. గుడి కాదు సార్, అంటు కట్టాను, వేరు దిగేదాకా ఆగండి అన్నాను. నవ్వారు. ఆగారు కూడా.

ప్లాస్టిక్ లోంచి తెల్లగా కనిపించిన వేళ్ళు గోధుమ రంగుకు తిరిగాక, బెరడు ఒలిచిన చోటికి కిందుగా సికేచర్ కత్తెరతో కోసి దించాం. ఆకులు సగం తీసేసి, కుండీల్లో నాటి నీడలో ఉంచాం. ఒకటీ అరా తప్ప అన్నీ బతికాయి. ఆడవాళ్ళు తమ ముడుపులు విప్పుకున్నాకే చెట్టు కూలింది. ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా దాని కొమ్మలే చెట్లయి పూస్తున్నాయి. సిమెంటు కుండీలన్న మేనేజరు పొద్దున్న వాకింగ్‌కి ఆ రోడ్డుకే వస్తారు. నేను ఎదురైతే మాత్రం ఎండ గురించి మాట్లాడతారు.

నేను నేర్చుకున్నది ఇంతే: అంటుకు కత్తీ నాచూ ఎంత అవసరమో, చూసేవాళ్ళు దాన్ని ఏమనుకుంటారన్నదీ అంతే అవసరం. ఆ తరవాత ఎక్కడ అంటు కట్టినా పసుపు గుడ్డే వెతికి తెప్పించాను.

తేలనిది ఒకటుంది. అంట్లు దించిన రోజున ఒక కొమ్మకు నా మూట లేదు. నేను మాలీలకు నేర్పినట్టే, కిందుగా, ఏటవాలుగా, శుభ్రంగా కోసిన కోత ఉంది. మిగిలిన మోడుకు కొత్త ముడుపొకటి వేలాడుతోంది. దాన్ని ఎవరూ వచ్చి విప్పుకోలేదు. నా అంటు పట్టుకెళ్ళి, దాని చోట ముడుపు కట్టినవాళ్ళు ఏమని మొక్కుకున్నారు? మొక్క బతకాలనా, తాము నాకు దొరక్కూడదనా?