నిల్దా కొడుకు ఎవరింటా తినడు

కార్మెన్ ఆల్తో పేట వీధుల్లో నిల్దా పలొమీనో కొడుకుకి పెద్ద పేరే ఉంది: పొగరుబోతు. వాడి పేరు అదెమీర్, వయసు నాలుగేళ్ళు, మనిషి గుప్పెడంత. అంతవాడికి పొగరేమిటని అడిగి చూడండి, ఏ ఆడమనిషైనా చెబుతుంది. చేత్తో పెట్టింది తినడట! మా వమాంగా ఊళ్ళో నడివీధిలో జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళు కూడా మర్నాడు పొద్దున పలకరించుకుంటారు. పెట్టిన తిండి వద్దంటే మాత్రం క్షమాపణ లేదు. పెట్టినావిడ మొహం మాడ్చుకుంటుంది, ఆ సంగతి సాయంత్రానికి కొండ దిగువదాకా పాకుతుంది.

సంగతల్లా వాడికి పల్లీలు పడవు. రెండేళ్ళప్పుడు ఒక బాప్తిస్మం విందులో ఎవరో మహాతల్లి వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏమీ లేదమ్మా ఇందులో" అని మిఠాయి ముక్క నోట్లో పెట్టింది. కాసేపటికి పెదాలు ఉబ్బిపోయాయి, ఊపిరందక పిల్లాడు గిలగిలా కొట్టుకున్నాడు. ఆసుపత్రిలో సూది వేశాక గాని దక్కలేదు. మళ్ళీ తింటే ఇంతకంటే ఘోరం కావచ్చునన్నాడు డాక్టరు. ఊరు చూస్తే ఇదీ! పుకా పికాంతే వండని పెళ్ళి లేదు, ఆ ఎర్రకూరలో పల్లీలు నూరి పోయకపోతే దాన్ని కూర అనే దిక్కు లేదు. గంజిలో పల్లీ, పచ్చడిలో పల్లీ, బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ గుప్పిట్లో కూడా పల్లీయే.

ఇంట్లోనైనా సుఖముందా? "కొద్దికొద్దిగా అలవాటు చెయ్యవే, అదే సర్దుకుంటుంది. పల్లీ తినకపోతే పిల్లాడికి నెత్తురెలా పడుతుంది?" అని అత్తగారు ఫోర్తునాతమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. నిల్దా బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. ఆ మాట విన్నప్పుడల్లా మిషను తొక్కుడు జోరు పెరిగేది. దారం తెగేది. మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చేది.

చివరికి ఆమె కొడుకుకే పాఠం నేర్పింది. "ఎవరేం పెట్టినా 'వద్దత్తా, నాకు పడదు' అనాలి. 'ఏమీ లేదు ఇందులో' అన్నవాళ్ళని అసలు నమ్మకు. అందరూ అదే అంటారు." వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు. చిలక కూడా అంత చక్కగా చెప్పదు.

బడి వార్షికోత్సవం దగ్గరపడింది. ఆ రోజున ఒక్కో ఇంటినుంచి ఒక్కో వంట వస్తుంది, అన్నీ ఒకే బల్లమీద పెట్టి పిల్లలంతా కలిసి తింటారు. కిందటేడు అందరూ ఆ బల్లచుట్టూ ముసిరితే అదెమీర్ ఒక్కడూ కిటికీ పక్కన తన డబ్బా ముందేసుకుని గోడవైపు తిరిగి తిన్నాడు. ఇంటికొచ్చి, "అమ్మా, నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. నిల్దా అప్పుడే తీర్మానించుకుంది. ఈసారి తన పిల్లాడు ఆ బల్లదగ్గరే, ఆ పళ్ళెంలోనే తినాలి. ఆమె పట్టు ఒక్కటే, అది.

తల్లుల సమావేశంలో లేచి ఆ మాటే చెప్పింది. కమిటీ అధ్యక్షురాలు హెర్లిందా పెదవి విరిచింది. హెర్లిందా అధ్యక్షురాలు కావాలని కోరుకున్న మనిషి కాదు. ఎన్నికరోజు ఆలస్యంగా వచ్చింది, వచ్చేసరికి అందరూ కలిసి ఆవిడ పేరు రాసి కూర్చున్నారు. ఆ కసి ఏడాది పొడుగునా తీర్చుకుంటూనే ఉంది.

"నీ కొడుకొక్కడికోసం బడంతా పస్తుండాలా వదినా?" అంది.

"పస్తెందుకు? పల్లీ ఒక్కటే వద్దన్నాను. మొక్కజొన్న ఉడికించండి, చీజు ముక్కలు పెట్టండి. చిలగడదుంపలు కాల్చండి. పెద్ద చిక్కుడుగింజలు ఉప్పేసి మెత్తగా ఉడకబెట్టండి. నాగజెముడు పళ్ళు ఒలిచి పెడితే మూతులు పూసుకుని మరీ తింటారు. తోటకూర గింజలు పేలాలు చేసి బెల్లం పాకంలో ఉండలు చుట్టండి. ఇన్ని ఉంటే పస్తంటావేంటి?"

"గింజలు, దుంపలు! పిల్లలేమన్నా కోళ్ళా, ముందు చల్లడానికి? పల్లీచాక్లెట్ లేకపోతే ఒక్కడు ముట్టుకోడు. కావాలంటే పందెం!"

తల్లులు కిసుక్కుమన్నారు. టీచరు మిస్ లిసెత్ మెత్తటి మనిషి, గొడవంటే వణుకు. "పోనీ నిల్దాగారూ, బాబుని కిందటేడులాగే..." అని నసిగింది.

"కిందటేడు సంగతి ఎత్తకండి మిస్! వాడేమన్నా దొంగతనం చేశాడా, మూల కూర్చోబెట్టడానికి?"

ఆ కేకకి తల్లులు తగ్గారు. సరే కానీయండన్నారు, ఒప్పుకుని కాదు, నోటికి జడిసి. నిల్దాకి అది తెలుసు. అందుకే బట్టలు కుట్టడం పక్కన పెట్టి గడపగడపకీ తిరిగింది. ఒకామె కొన్న బిస్కెట్లలో పల్లీపొడి ఉంది. ఇంకొకామె చిలగడదుంపకి నంజుకోవడానికి పల్లీపచ్చడి నూరుతోంది. "ఇది విడిగా పెడతాలే, ముద్దకి అంటదు" అంది, అదేదో వరమిస్తున్నట్టు! తల ప్రాణం తోకకొచ్చింది నిల్దాకి.

ఆఖరికి హెర్లిందా ఇల్లు. పొయ్యిమీద మట్టి మంగలం ఉంది. తోటకూర గింజల ఉండలు తనే చేస్తానని ఆవిడ ఒప్పుకుంది, తప్పక.

"పేలాలు ఇందులోనేనా వేయించేది?"

"ఇందులో కాక నా నెత్తిమీదా?"

"పల్లీలు వేయించేదీ ఇందులోనే కదా వదినా."

"తుడిచేస్తాలే."

"మట్టిది, నూనె పీల్చేసుకుని ఉంటుంది. తుడిస్తే పోతుందా?"

హెర్లిందా అట్లకాడ విసిరికొట్టినంత పని చేసింది. "మా అమ్మ ఇచ్చిన మంగలమిది! దీంట్లో వేయించింది తిని నా పిల్లలు రాళ్ళలా ఉన్నారు. నా ఇంట్లో విషముందంటావా? పొద్దున లేస్తే నీ కొడుకు, నీ కొడుకు! నేను చేసిన రొట్టె ఒకసారి వాడికి పెడితే 'వద్దత్తా' అని మొహం తిప్పుకున్నాడు. నలుగురిలో నా పరువేం కావాలి?"

"ఉబ్బిన వాడి మొహం నువ్వు చూసుంటే పరువు గుర్తుకు రాదు!" అని నిల్దా కూడా అరిచేసింది. అయిపోయింది, ఇక ఈవిడ చెయ్యదనుకుంటూ ఇంటికొచ్చింది.

హెర్లిందా మర్నాడే సంతకెళ్ళి కొత్త మంగలం కొంది. కొన్నది చాలక, "నిల్దమ్మగారి రాకుమారుడి కోసం" అని దారిపొడుగునా అందరికీ చూపించింది. నిల్దాకి ఒళ్ళు మండింది. అయినా పళ్ళ బిగువున ఊరుకుంది. మంగలం కొత్తదైతే చాలు.

వార్షికోత్సవం రోజున బల్లమీద అన్నీ నిల్దా చెప్పినవే. ఏ గిన్నెలో ఏముందో ఆమెకి తెలుసు, ఎవరు ఏ చేత్తో కలిపారో కూడా తెలుసు. అదెమీర్ అందరి మధ్యా కూర్చున్నాడు. హెర్లిందా ఉండల పళ్ళెం పట్టుకుని నేరుగా వాడిదగ్గరికే వచ్చింది.

"తీసుకోరా రాజా. ఏమీ లేదు ఇందులో."

"వద్దత్తా, నాకు పడదు."

హెర్లిందా మొహంలో నెత్తురుచుక్క లేదు. తల్లులంతా చూస్తున్నారు. నిల్దా గబగబా వచ్చి వాడిపక్కన మోకాళ్ళమీద కూర్చుంది. "ఫరవాలేదు నాన్నా, ఇది తినొచ్చు. నిజంగా ఏమీ లేదు."

ఆ మాట నోరుజారాక తెలిసింది, నమ్మొద్దని తను వాడికి నేర్పిన మాటే అదని. వాడు ఆమెని కూడా అనుమానంగా చూశాడు. పెదాలు బిగించాడు. బతిమాలింది, గదమాయించింది, ఊహూఁ. నెల్లాళ్ళుగా ఊరందరిమీదా పళ్ళు నూరిన మనిషికి ఇప్పుడు పళ్ళు నూరడానికి తను తప్ప ఎవరూ కనపడలేదు.

"నువ్వు తిను ముందు" అన్నాడు వాడు.

నిల్దా ఒక ఉండ తీసుకుని కొరికింది. నమిలింది, మింగింది. "చూశావా? ఇక తిను."

"ఉండు."

వాడు ఆమె పెదాల వంకే చూస్తున్నాడు, ఉబ్బుతాయేమోనని. కన్నార్పడం లేదు. ఇటు పక్క పిల్లలకి ఆగే ఓపికెక్కడిది? ఒకడు చెయ్యి పెట్టాడు, ఇంకొకత్తె రెండు లాక్కుంది, హెర్లిందా కూతురైతే గౌనులో పోసుకుంది. ఎవరూ ముట్టుకోరన్న ఉండలు కరకరలాడుతూ మాయమైపోతున్నాయి. నిల్దాకి కనిపిస్తూనే ఉంది. కదిలితే వాడు బెదురుతాడని కదల్లేదు.

"నీకేం కాలేదు. ఇప్పుడు తింటా" అని అదెమీర్ చెయ్యి చాపాడు.

పళ్ళెంలో బెల్లం మరకలు తప్ప ఏమీ లేవు.

నిల్దాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత తిరిగి, ఇందరిచేత తిట్లు తిని, చివరికి వాడు నోరు తెరిచే వేళకి ఖాళీ పళ్ళెమా! ఎవర్ని తిట్టాలి, ఆకలేసి తిన్న పిల్లల్నా? ఏడవాల్సిన అదెమీర్ మాత్రం ఏడవలేదు. తలెత్తి హెర్లిందా వంక చూశాడు.

"అత్తా, నాకు మళ్ళీ చేసి పెడతావా?"

హెర్లిందా పళ్ళెం చంకలో పెట్టుకుని నిల్దామీద విరుచుకుపడింది. "చూస్తూ కూర్చున్నావేంటి వదినా, లే! గింజలింకా ఉన్నాయి ఇంట్లో. పొయ్యి మాత్రం నువ్వే ఊదాలి, నావల్ల కాదు."

"నేను చూస్తుండగా చెయ్యాలి" అన్నాడు అదెమీర్.