చలికి ఆగిన గెడ్డ సైరన్

ఈ రోజు ముంచింగిపుట్టు కొండల్లో గెడ్డ, అంటే వాగు, ఒడ్డున నేను బిగించిన వరద సైరన్ పెట్టె విప్పాను. చిప్‌ని పది నిమిషాలకోసారి నిద్రలేపి నీటిమట్టం చూడమనే గడియారపు క్రిస్టల్ ఆగిపోయి ఉంది. తక్కువ కరెంటుతో నడిచే చిప్ కాబట్టి క్రిస్టల్‌కి చిన్న కెపాసిటర్లు పెట్టాలి. నేను చేతికందిన పెద్దవి పెట్టేశాను; వాటితో చలిలో క్రిస్టల్ ఆగిపోతుంది. విశాఖ వేడిలో సైరన్ బాగానే నడిచింది. మొన్న తుఫాను వానకి గెడ్డ పొంగితే మాత్రం మోగలేదు. ఒడ్డునే ఉండే సుక్రమ్మ ఎడ్లు రెండూ కొట్టుకుపోయాయి.

“ఏటి బాబూ, ఎందుకు కూయనేదు?” అని అడిగింది ఆమె.

“తప్పు నాదేనమ్మా. చలికి ఆగిపోయింది.”

“ఇక్కడ సలేస్తాదని నీకు తెల్దేటి?”

కెపాసిటర్లు మార్చి సైరన్ మోగించి చూపించాను. ఆమె తలెత్తి చూడలేదు.

మీరు చేసిన వస్తువుని, అది పనిచేయాల్సిన చోట ఒక్క రోజైనా దగ్గరుండి నడిపి చూస్తారా? నేను చూడలేదు.