ప్రతి వస్తువుకూ ఒక స్టాపు

ఉస్తా దసూకీకి ఒకే ఒక్క పిచ్చి. లోకంలో ప్రతి వస్తువుకూ ఒక స్టాపు ఉంటుందనీ, అది ఆ స్టాపులోనే ఆగాలనీ. అలెగ్జాండ్రియా వీధుల్లో ట్రాము నడిపి నడిపి, డ్రైవర్లను గౌరవంగా పిలిచే ఆ ‘ఉస్తా’ పిలుపుతో పాటు పింఛనూ పుచ్చుకున్న మనిషి, ఇంటికొచ్చి ఇంటినే ట్రాము లైను చేసేశాడు. కాఫీగిన్నె స్టాపు పొయ్యికి కుడిపక్క, పిడి కిటికీ వైపు. చెప్పుల స్టాపు మంచం కింద, ముక్కులు గోడ వైపు. ఒకసారి ఇంటికొచ్చిన పెద్దమనిషి కుర్చీని కాస్త ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ఆయన మంచినీళ్ళు అందుకోవడానికి లేవగానే దసూకీ కుర్చీని తీసుకెళ్ళి దాని స్టాపులో పెట్టేశాడు. పెద్దమనిషి మళ్ళీ కూర్చున్నాడు. నేల మీద.

"కుర్చీ దాని స్టాపులోనే ఉంది. తమరే స్టాపు రాకుండా దిగిపోయారు," అన్నాడు దసూకీ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు నోటితో "టింగ్ టింగ్" అని గంట కొట్టేవాడు. అత్తగారిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "రాబోయేది మలుపు! పట్టుకుని నిలబడండి! చివరి మెట్టు! దిగేవాళ్ళు దిగొచ్చు!" అని కేకలు పెట్టేవాడు. ఆ కేకలకు ముహర్రం బే పేటలో ఆ వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చి నవ్వుకునేది.

భార్య ఇన్సాఫ్ ఇదంతా పళ్ళబిగువున భరించింది. ఆవిడ తల్లి తఫీదా మాత్రం భరించే రకం కాదు. ఒకప్పుడు ఆ పేటలో పెళ్ళికూతుళ్ళందరికీ బట్టలు కుట్టిన మనిషి. "విసుగొచ్చింది" అని ఒకనాడు కుట్టుమిషను అమ్మేసింది. అప్పటినుంచి సూదులన్నీ నాలుక మీదికి చేరాయి.

"మనిషికి పిల్లనిస్తున్నాననుకున్నాను. ట్రాముకిచ్చానని తర్వాత తెలిసింది," అనేది అందరి ముందూ.

"టిక్కెట్టు లేకుండా ఇన్నేళ్ళుగా ఎక్కి కూర్చున్నావు అత్తా, ఒక్కనాడైనా దిగమన్నానా?" అనేవాడు అల్లుడు.

ఇలా జరిగిపోతుండగా ఇంటికి పగులు పట్టింది. ఇంటి యజమాని ఎవరి చెయ్యో తడిపి, పాత గోడల నెత్తిన కొత్త అంతస్తులు లేపాడు. గోడలో పగులు వేలు దూరేంత ఉన్నప్పుడు రమ్మంటే ఇంజనీరు రాలేదు. చెయ్యి దూరేంత అయ్యాక వచ్చి, తలాడించి, చలికాలం వానలు పడకముందే ఖాళీ చెయ్యమని కాగితం అంటించి పోయాడు. యజమానికి కాదు, కాపురం ఉన్నవాళ్ళకి. సీదీ బిష్ర్ పేటలో ఒక ఇల్లు దొరికింది.

కబురు తెలియగానే ఇన్సాఫ్ అక్క రావియా టాంటా నుంచి దిగింది.

"అమ్మని నాతో తీసుకుపోతాను. కొత్తిల్లు, నున్నటి నేల, ఎక్కడో జారిపడుతుంది. నా ఇంట్లో మహారాణిలా మంచం మీద కూర్చోబెడతాను. కాలు కింద పెట్టనివ్వను. కాఫీ కూడా నోటికే అందిస్తాను."

"కాలు కింద పెట్టనివ్వనిది శవాన్నే తల్లీ," అంది తఫీదా. "ఇంకా టైముంది."

"అయితే ఇల్లు మారిన మొదటి పొద్దున నేనక్కడ ఉంటాను. నీ అంతట నువ్వు లేచి, ఒకరి చెయ్యి పట్టుకోకుండా కాఫీ పెట్టుకో. పెట్టుకుంటే నోరెత్తను. ఒక్కసారి తూలినా నీ బట్టలు నా పెట్టెలో."

తఫీదా ఒళ్ళో గౌను అంచు పట్టుకుని, తను వేసిన పాత కుట్టు వెంబడి వేలు జరుపుతూ పోయింది. కొస దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.

దసూకీ లేచాడు. జేబులోంచి ఒక పురి తాడు తీశాడు.

ఆ రోజు నుంచి ఆ తాడే ఆయన లోకం. అత్తగారి మంచం నుంచి గుమ్మందాకా పరిచి ఒక ముడి వేశాడు, ముడికి ఎర్ర పీలిక. గుమ్మం నుంచి వంటింటిదాకా ఇంకో ముడి, పచ్చ పీలిక. పొయ్యి నుంచి కాఫీడబ్బా దాకా, డబ్బా నుంచి చక్కెర దాకా. ఇన్సాఫ్ కూర చేస్తుంటే ఆవిడ చంకల కిందనుంచి తాడు లాగాడు. ముడుల బరువుకు అది జేబులో పట్టక మెడలో వేసుకుని తిరిగాడు.

"ఉరేసుకునే ఉద్దేశమా అల్లుడూ?" అంది తఫీదా. "పీలికలెందుకు, అలంకారమా?"

ఇన్సాఫ్‌కు ఆ కొత్తింటి మీద ఒకే ఆశ. విశాలమైన హాలుంది. బంగారు రంగు కుర్చీలు వేసి, దాన్ని అతిథుల కోసం సలోను చేసి, ఎవరొచ్చినా దర్జాగా అందులో కూర్చోబెట్టాలి. ఇల్లు చూడటానికి వెళ్ళిన దసూకీ హాలు మధ్యలో తాడు పరిచి సుద్దముక్కతో గీత గీశాడు.

"ఇక్కడ బీరువా. దాని పక్కన గిన్నెల అలమర. వరసగా."

"హాలు నడిమధ్యన బీరువానా!"

"పాత ఇంట్లో ఇక్కడ గోడ ఉంది."

"ఆ గోడ కూలిపోతోందనే కదయ్యా మనం మారుతున్నది! నా సలోను ఏమైపోవాలి?"

"అవతల మిగులుతుందిగా."

"ఆ మిగిలేదాంట్లో మేక కూడా పడుకోదు!"

ఇన్సాఫ్ ఏడ్చింది, అన్నం మానేసింది, అక్కకు ఫోను చేసి మొగుణ్ణి తిట్టింది. దసూకీ అన్నీ విన్నాడు. గీత చెరపలేదు. ఆమె తడిగుడ్డతో చెరిపితే మళ్ళీ గీశాడు. మూడోసారి రంగు డబ్బా తెచ్చి గీశాడు.

సామాను మోసేవాళ్ళ మేస్త్రీ హెందావీ. బాల్కనీలోంచి తాళ్ళతో మంచాలు దింపించడంలో ఆ పేటలో అతనికి ఎదురులేదు. అతను వచ్చేసరికి దసూకీ గుమ్మంలో బోర్లా పడుకుని, అరిగిపోయి గుంటపడ్డ గడప చెక్కను ఉలితో ఊడదీస్తున్నాడు.

"ఏంటుస్తా ఇది?"

"గడప. అక్కడి గుమ్మానికి వేస్తాను."

"మరి గోడ పగులు కూడా మూట కట్టమంటావా? విడిగా డబ్బులేమీ అడగన్లే."

కూలీలు పగలబడి నవ్వారు. దసూకీ ఉలి దించలేదు. గడప ఊడి వచ్చేదాకా లేవలేదు.

కొత్తింట్లోకి ముందు ఉప్పూ చక్కెరా పట్టుకెళ్ళాలని ఆడవాళ్ళన్నారు. "తప్పకుండా," అని డబ్బాలు రెండూ తనే తీసుకెళ్ళి, తాడు పరిచి వాటి స్టాపులో దించాడు. తర్వాత మంచం, బీరువా, అలమర. గోడగడియారానికి మేకు కొడుతూ దిగీ ఎక్కీ హెందావీని చంపుకుతిన్నాడు. మధ్యాహ్నానికి హెందావీ టోపీ తీసి నేలకు కొట్టాడు. "మా తాత దగ్గర్నుంచి మూటలు మోస్తున్నాం. మూటల్లో ఇల్లు పెట్టి మోయించినవాణ్ణి నిన్నే చూశానయ్యా!"

సాయంత్రం టాక్సీలో తఫీదా వచ్చింది. దసూకీ ఎదురెళ్ళి చెయ్యి అందించాడు.

"రాబోయే స్టాపు, గడప! పాత గడపే, అదే గుంట! కుడివైపు గోడ... అంటే బీరువా! తిన్నగా వెళ్తే వంటిల్లు! ఎడమవైపు రాణీగారి మంచం! ఆఖరి స్టాపు!"

రావియా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఈ పిచ్చాడి దగ్గర అమ్మని వదలమంటావా?" అంది చెల్లెలితో. పెట్టె సర్ది, తెల్లారగానే బయల్దేరడానికి వీలుగా నడవలో పెట్టింది.

పొద్దున్నే అలికిడికి ఇన్సాఫ్ లేచింది. కిటికీ చెక్కలింకా తీయలేదు. వాటి సందుల్లోంచి సన్నగా పడే వెలుగులో తల్లి వస్తోంది. బీరువా పొడుగునా ఆమె అరచెయ్యి మెల్లగా జారుతోంది. పక్కన రావియా కూడా లేచి నిలబడి చూస్తోంది. తఫీదా తిన్నగా పెట్టె మీదికి నడుస్తోంది. ఇన్సాఫ్ నోరు తెరిచింది.

"టింగ్ టింగ్!"

తఫీదా ఆగింది. పైకి మడిచిన పైజామాతో దసూకీ ఎక్కణ్ణుంచో ఊడిపడి, రావియా పెట్టె అమాంతం ఎత్తి గుండెకు హత్తుకుని గోడకు అతుక్కుపోయాడు.

"పట్టాల మీద సామాను పెట్టకూడదు వదినా," అన్నాడు గుసగుసగా.

తఫీదా ముందుకు కదిలింది. వంటింటి గడప రాగానే కాలెత్తింది. చీకటి వంటింట్లో చెయ్యి చాపితే కాఫీగిన్నె పిడి చేతికొచ్చింది. డబ్బా చేతికొచ్చింది. అగ్గిపుల్ల గీసి, గిన్నె మీదికి చెవి వంచి, పొంగు సవ్వడి వినగానే దించింది. కప్పు అంచున వేలి కొస ఆనించి పోసింది. చుక్క ఒలకలేదు.

"చీకట్లో ఏమిటమ్మా, లైటు వేసుకోవచ్చుగా?" అంది రావియా.

"నా ఇల్లు నాకు లైటేసి చూపించాలా? ఇంద, కాఫీ. తాగి బండెక్కు. అల్లుడు పాపం నీ పెట్టె మోస్తూనే ఉన్నాడు."

రావియా కాఫీ తాగింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మాట మాటే గనక, బండెక్కింది.

ఇన్సాఫ్ మాత్రం ఉన్నచోటే బీరువాకు ఆనుకుని నిలబడిపోయింది. గదిగదికీ గంట. మెట్టుమెట్టుకూ కేక. కదలకూడని కాఫీగిన్నె. పెళ్ళైన కొత్తలో ఈ మనిషే చెప్పు ఒకటి మంచం కింద, ఒకటి బాల్కనీలో విసిరేవాడు. చొక్కా కోసం ఇల్లంతా వెతికేవాడు. ఈ స్టాపుల పిచ్చి ఎప్పుడు మొదలైంది? అమ్మ కుట్టుమిషను అమ్మేసిన ఏడు. విసుగొచ్చి కాదు.

వంటింట్లోంచి తఫీదా గొంతు వినిపించింది. "దసూకీ! గడియారం నాలుగు వేళ్ళు పక్కకి మోగుతోంది. దాని స్టాపు అది కాదు. ఇన్నేళ్ళు ట్రాము నడిపినవాడివి, ఆమాత్రం తెలీదూ?"

"హెందావీ కొట్టిన మేకు అత్తా," అని పచ్చి అబద్ధమాడి, దసూకీ సుత్తి తేవడానికి పరిగెత్తాడు.

ఇన్సాఫ్ కళ్ళు తుడుచుకుని, తల్లి దగ్గరికి వెళ్ళబోయి, వంటింటి గడప ముందు ఆగింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు.

"టింగ్ టింగ్," అంది సిగ్గుపడుతూ.

లోపల కప్పు సాసరు మీద ఆగిన చప్పుడు.

"అయిపోయింది!" అంది తఫీదా. "నీకూ అంటుకుందీ?"