మౌలాలిలో దొరికిన పడవ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయమూ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది విన్నాక మా ఆఫీసులో ఒకాయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా ఉందేమోనని చూశాడు. నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. కొలిచి చూడందే గ్లాసులో నీళ్లున్నాయని కూడా ఒప్పుకోని ఉద్యోగం అది.

నాకున్న పిచ్చల్లా ఒక్కటే. ప్రపంచంలో ఎక్కడెక్కడివో పాతకాలపు చేపల పడవల ఫొటోలు చూసి, అవి ఏ తీరానివో గుర్తుపట్టడం. దీనికి ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఎవరో ఒక ఫొటో పెడతారు, మిగతావాళ్లం కళ్లద్దాలు తుడుచుకుని దాని మీద పడతాం.

రెండు పక్కలా తేలుడు బొంగులుంటే బాలి కావచ్చు. ఒక్క పక్కే దుంగ ఉంటే ముందు శ్రీలంక వైపు వెతకాలి. పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరి తాడుతో కుట్టి ఉంటే కేరళ, లక్షద్వీపాలు, లేదంటే ఒమన్. పడవ ముక్కుకు కళ్లు వేసి ఉంటే మాల్టానో వియత్నామో. ఆ కళ్లలోనూ తేడా ఉంది. సరుకుల పడవ కళ్లు ముందుకు చూస్తాయట, చేపల పడవ కళ్లు కిందికి, నీళ్లలోకి చూస్తాయట.

నేను పుట్టింది జనగామ దగ్గర. సముద్రాన్ని చూసింది ఒకే ఒక్కసారి, పెళ్లయిన కొత్తలో విశాఖలో. హుస్సేన్‌సాగర్‌లో పడవెక్కితే బుద్ధుడి దగ్గరికి చేరేలోపే నాకు కళ్లు తిరిగాయి. అయినా గ్రూపులో నా మాటకు విలువుంది. ఇంట్లో నా మాటకు విలువ లేని లోటు అక్కడ తీరుతుంది.

మౌలాలిలో రైలు పట్టాల పక్కన ఒక పాత సామాన్ల దుకాణం ఉంది. ఎవరిదో ఇల్లు కూలగొడితే వచ్చిన సామాన్ల మధ్య నాకు ఆ పడవ బొమ్మ కనిపించింది. మూరెడు పొడుగుంటుంది. నల్లటి చెక్క. ఎక్కడిదని అడిగితే దుకాణంవాడు పాత కుక్కర్ల కుప్ప వైపు చెయ్యి చూపించాడు.

ఇంటికి తెచ్చి దుమ్ము తుడిచాక నాకు చెమటలు పట్టాయి. ఒక్క పక్కే దుంగ ఉంది, అంటే శ్రీలంక. కానీ ముక్కు నెలవంకలా పైకి లేచి ఉంది, అది పోర్చుగల్ పద్ధతి. పలకలు తాడుతో కుట్టి ఉన్నాయి. ముక్కుకు రెండు పక్కలా కళ్లు, అవి కిందికి చూస్తున్నాయి. గ్రూపులో ఫొటో పెడితే మూడు ఖండాలవాళ్లు కొట్టుకున్నంత పనైంది. చివరికి అందరూ నన్నే అడిగారు. నేను ఫోను బోర్లించి పక్కన పెట్టేశాను.

ఇక మేముండే ఇంటి సంగతి చెప్పాలి. నాచారంలో కింద పోర్షన్‌లో మేం, పైన ఓనర్లు. ఓనరాయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి, మెత్తటివాడు. ఓనరమ్మ మెత్తటిది కాదు. కొన్నేళ్ల కింద ఏదో ఆశ్రమానికి వెళ్లొచ్చి నీచు మానేసింది, మొగుడితో మాన్పించింది, ఆ తర్వాత గేటుకు ‘శాకాహారులకు మాత్రమే’ అని బోర్డు పెట్టించింది. మాకంటే ముందున్నవాళ్లను ఆమ్లెట్ వాసనకే పంపేసిందని వీధంతా చెప్పుకుంటారు.

మాకు ఆ ఇల్లు పోతే చాలా కష్టం. అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది, బడి పక్క వీధిలోనే. మా ఆవిడ సుజాతకు చలిగాలి తగిలితే ఆయాసం, ఈ ఇల్లు గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. అందుకని ముక్క తినాలనిపిస్తే మౌలాలిలో మా వదినవాళ్లింటికి వెళ్లి తినేసి, సోంపు నమిలి, పత్తిత్తుల్లా తిరిగొచ్చేవాళ్లం.

పడవను హాల్లో షోకేసు పైన, ముక్కు కిటికీ వైపు ఉండేలా పెట్టాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అది పక్కింటి గోడ వైపు తిరిగి ఉంది. సుజాత తిప్పిందేమో అనుకుని అడిగాను.

“నీ పడవకు దుమ్ము దులుపుడే ఎక్కువ, మళ్ల తిప్పుడు గూడనా?” అంది.

మర్నాడు తెలిసింది, పక్కింటివాళ్లు ఆ సాయంత్రం ఎండుచేపలు వేయించారని. ఇంకోసారి పడవ మా బెడ్‌రూమ్ బీరువా వైపు తిరిగింది. బీరువాలో చేపలెక్కడివి అని నవ్వుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, సుజాతకు డాక్టరు రాసిన చేపనూనె మాత్రలు అందులోనే ఉన్నాయి.

నేను మామూలు మనిషినైతే అప్పుడే దండం పెట్టేవాణ్ణి. క్వాలిటీ సెక్షన్ మనిషిని కాబట్టి పెన్సిలుతో షోకేసు మీద గీత గీశాను. చెక్క వాలుగా ఉందేమోనని ఒక గోలీ పెట్టి చూశాను, కదల్లేదు. ఫ్యాను ఆపేశాను. అడుగున రెండువైపులా అంటుకునే టేపు వేశాను. పడవ తిరుగుతుండగా నేనెప్పుడూ చూడలేదు. చూపు మరల్చి మళ్లీ చూస్తే తిరిగి ఉండేది. టేపు మాత్రం అంటుకున్నది అంటుకున్నట్టే ఉండేది.

అలా ఉండగా మిర్గం వచ్చింది. మృగశిర కార్తె మొదలైన రోజు ఇక్కడ చేప తినని ఇల్లుండదు. ఆ రోజు చేప తింటే ఏడాదంతా ఆయాసం దగ్గరికి రాదని సుజాతకు గట్టి నమ్మకం. ఏటా వదినవాళ్లింట్లో తినేవాళ్లం. ఈసారి వాళ్లు తిరుపతి వెళ్లారు.

మా అదృష్టం కొద్దీ ఓనర్లిద్దరూ హబ్సిగూడలో ఎవరిదో గృహప్రవేశానికి బయల్దేరారు. గేటు మూసుకున్న చప్పుడు విన్నాక నేను ఉప్పల్ వెళ్లాను. అక్కడ రోడ్డు పొడుగునా చేపల జాతర. ముక్కలు కొట్టించుకుని ఆఫీసు బ్యాగులో పెట్టుకొచ్చాను. తలుపులూ కిటికీలూ మూశాం. సుజాత పులుసు పెట్టింది, నేను సాంబ్రాణి వేశాను. ఎంత వేశానంటే మా అమ్మాయి హాల్లో తడుముకుంటూ నడిచింది. పడవ మాత్రం ఆ పొగలో వంటింటి వైపే చూస్తూ ఉంది.

పులుసు దింపామో లేదో, తలుపు చప్పుడైంది. కిటికీ సందులోంచి చూస్తే ఓనరాయన, ఒక్కడే.

సుజాత గిన్నె పట్టుకుని అటూ ఇటూ చూసి, దాన్ని వాషింగ్ మెషిన్‌లో పెట్టి మూత వేసింది. నేను వెనక్కి తిరిగేసరికి పడవ వాషింగ్ మెషిన్ వైపు తిరిగి ఉంది. దాన్ని చేత్తో కిటికీ వైపు తిప్పి, తలుపు తీశాను.

ఆయన లోపలికి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఒళ్లో ఒక గుడ్డ సంచి. పొగకు దగ్గుతూనే ఉన్నాడు. ఓనరమ్మ ఉప్పల్‌లో తన చెల్లెలింట్లో ఆగిపోయిందనీ, రేపు పొద్దున వస్తుందనీ చెప్పాడు. ఈ పొగంతా ఏం పూజ అని అడిగాడు. అమ్మాయి పరీక్షల కోసం అన్నాను. బడి అప్పటికి ఇంకా తెరవలేదు.

మాట్లాడుతూ షోకేసు వైపు చూశాను. పడవ ముక్కు సరిగ్గా ఆయన మీద ఉంది. పడవ లెక్క తప్పిందనుకున్నాను. మా ల్యాబులో పాతబడ్డ త్రాసు తప్పుడు తూకం చూపించినట్టు ఇదీ చెడిపోయిందనుకుని, లేచి మళ్లీ తిప్పాను. కూర్చుని చూస్తే మళ్లీ ఆయన వైపే. ఆయన కొంచెం పక్కకు జరిగాడు. సుజాత మంచినీళ్లు తెచ్చి ఇచ్చేలోపు అది కూడా ఆ మేరకు జరిగింది.

“ఏంది తమ్మీ, గది నన్నే సూస్తున్నట్టుంది?” అన్నాడు ఆయన, సంచిని గట్టిగా పట్టుకుని.

ఆయన తలుపు వైపొకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“కొర్రమీను. దోస్తు ఇంట్ల వండించిన. నాకు ఆయాసం బిడ్డా, మిర్గం నాడన్న రెండు ముక్కలు పడకుంటే ఎట్ల? పైన తింటే మీ ఆంటీకి వాసనొస్తది. జర ఇక్కడ కూసోని తిననియ్యుండ్రి.”

సుజాత వెళ్లి వాషింగ్ మెషిన్ మూత తీసింది. ఆయన ఆ గిన్నెను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత మేం నలుగురం కలిసి తిన్నాం. అంత తృప్తిగా చేప తిని నాకు చాలా ఏళ్లయింది. ఆయన మిగిలిన రెండు ముక్కలూ మా ఫ్రిజ్‌లో పెట్టి, రేపు వస్తానని పైకి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఓనరమ్మ వచ్చి తలుపు తట్టింది. చేతిలో స్టీలు డబ్బా, ముఖంలో ఎన్నడూ చూడని మొహమాటం. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనే అనుకున్నాను. అలవాటుగా షోకేసు వైపు చూశాను. రాత్రంతా ఫ్రిజ్ వైపున్న పడవ, ఇప్పుడు గుమ్మంలో ఉన్న ఆమె వైపు ఉంది.

ఆమె సుజాతను పక్కకు పిలిచింది. “చెల్లెలు వండింది బిడ్డా. ఆయనకు. రాత్రి పూట దగ్గుతుంటే నాకు నిద్ర వడ్తలేదు. బంద్ జేయించింది నేనే గదా, ఇప్పుడు ఏ మొకం వెట్టుకోని తినుమంట? నువ్వు వండినట్టు పిల్చి పెట్టు. నాకు తెల్వదనుకుంటడు, తెల్వదనుకోనియ్యి.”

సుజాత ఆ డబ్బా తీసుకుని, ఆయన ముక్కల పక్కనే పెట్టింది. ఆమె వెళ్లాక మా ఇద్దరికీ నవ్వు వచ్చింది. మధ్యాహ్నం ఆయన వచ్చి తిని, కొర్రమీను రాత్రికి రాత్రి పెరిగిందన్నాడు.

బోర్డు ఇంకా గేటుకే ఉంది. ఆయన ఒక డబ్బా తెస్తాడు, ఆమె ఒక డబ్బా తెస్తుంది, ఒకరి సంగతి ఒకరికి మేం చెప్పం. మమ్మల్ని ఖాళీ చేయించే ధైర్యం ఇప్పుడు ఇద్దరికీ లేదు.

పడవ ఎందుకు తిరుగుతుందో నాకు ఈ రోజుకీ తెలియదు. పరీక్షించి తేల్చుకుందామంటే వీలు లేకుండా పోయింది. మా ఫ్రిజ్‌లో చేప లేని రోజు ఉండటం లేదు, అందుకని అది ఫ్రిజ్ వైపు నుంచి కదలడం లేదు. గ్రూపులో మొన్న మళ్లీ అడిగారు, ఇంతకీ అది ఏ తీరం పడవ అని. నాచారం అని రాశాను.