పెద్దమ్మ పాటలో మా ఇల్లు

మొన్న టీవీలో బ్రెజిల్ కార్నివాల్ చూపిస్తూ, అక్కడ ఒక్కో పేటవాళ్లు ఏటా ఒక కథను, ఒక్కోసారి తమ పేట కథనే, సాంబా పాటగా కట్టి వీధుల్లో ఆడి పాడతారని చెబుతుంటే, ఇంట్లో అందరూ ఆ ఈకల కిరీటాలకు మురిసిపోయారు గానీ, నాకు మాత్రం హైదరాబాద్ నాచారంలో మా వెనక వీధి పెద్దమ్మ గుర్తొచ్చి ఈ వయసులోనూ పాత భయం తిరిగొచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు, వీధంతా అలాగే పిలిచేవాళ్లం. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకునేది ఆమే, మేమంతా ‘ఉయ్యాలో’ అని అందుకునేవాళ్లం. దేవుళ్ల పాటలయ్యాక ఊరి కథ మొదలుపెట్టేది: ఏ చెరువు ఎలా ఎండింది, ఏ ఫ్యాక్టరీ మూతపడితే ఎవరి పొయ్యి ఆరింది, ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, అన్నీ పేర్లతో సహా.

నా భయమంతా అదే. కృష్ణా జిల్లా నుంచి టీచరు ఉద్యోగానికి వచ్చి, మేం ఇల్లు కట్టుకున్న ప్లాటు ఒకప్పుడు ఆమె చెలక, అంటే మెట్ట చేను; మా వంటింటి కింద పూడ్చిన బావి ఆమెది. ఏటా బతుకమ్మకు బిక్కుబిక్కుమంటూనే వెళ్లేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ ఏడు మాత్రం, పెద్దమ్మ ఈసారి బావి పాట కట్టిందని పాలావిడ చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. వెళ్లొద్దన్నారు మా వారు. వెళ్లకపోతే తప్పు ఒప్పుకున్నట్టేనని, తంగేడు పూలు పేర్చుకుని వెళ్లాను.

పొద్దు వాలుతుండగా ఎత్తుకుంది: “బాయి పూడ్చినంక ఉయ్యాలో, బంగ్ల లేసెనమ్మ ఉయ్యాలో.” కళ్లన్నీ నా మీదే ఉన్నట్టనిపించి చప్పట్ల తాళం తప్పాను, తర్వాతి మాట నా పేరేనని కళ్లు మూసుకున్నాను. “కాయితమిచ్చినోడు ఉయ్యాలో, కడుపుల పుట్టినోడె ఉయ్యాలో” అంది. ఆ చెలకను మాకు అమ్మేసిన సొంత కొడుకునే పాటకెక్కించింది!

ఆట ముగిశాక నా చేతిలో ప్రసాదం సత్తుపిండి పెడుతూ, “గంత బుగులెందుకు టీచరమ్మా? పైసలిచ్చి కొన్నరు, గుంజుకోలేదు. పాటల అబద్ధం పెడ్తనా?” అంది. నేను అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు బతుకమ్మకు సౌండ్ బాక్సులు పెడుతున్నారు. ఉప్పల్‌లో మోగే పాటే చెంగిచెర్లలోనూ మోగుతుంది, అందులో ఏ ఊరి సంగతీ ఉండదు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. టీవీ చూసిన మర్నాడు, ఆమె పాట ఎవరికైనా వచ్చునేమోనని వీధంతా అడిగాను. ఏటా ఆమె పక్కనే ఆడిన నీకే రావాలి కదా అన్నారు. ఆడిన మాట నిజమే. కానీ అన్నేళ్లూ నా పేరు వస్తుందేమోనని మాత్రమే విన్నాను. ఆ బావి మాటలు తప్ప, ఆమె పాడిన ఊరు నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.