కంచె బయట గొయ్యి ఎవరు తవ్వమన్నారు?

బెంజిమెన్ దేవుడు లేడన్నాడని మీలో ఎవరు చెవులారా విన్నారు?

నిన్న పొద్దున అరకు సంతలో ఉండగా వైజాగ్ ఆసుపత్రి నుంచి ఫోన్. మా చిన్నాన్న కొడుకు బెంజిమెన్ ఇక లేడు.

చేతిలోని అల్లం సంచి అక్కడే వదిలేసి ఊరికి బయల్దేరాను.

కన్నీళ్లు ఆరకముందే రెండో వార్త. వాడికి గొయ్యి సమాధుల తోటలో కాదట. కంచె బయటట!

మన సంఘంలో కంచె బయట ఎవరిని పెడతామో మీకు తెలుసు. విశ్వాసం వదిలి వెలిపడ్డవాళ్లని.

వీడెప్పుడు వదిలాడు?

వాడు చేసింది ఆకాశం మీద రీసెర్చ్. మన పాలపుంత లాంటివి కొన్ని కలిసి గుంపుగా ఉంటాయట. ఆ గుంపు చుట్టూ, చివరి అంచుల దాకా మహా వేడి వాయువు. కంటికి కనపడదు. పైన తిరిగే ఎక్స్‌రే టెలిస్కోప్‌కే అందుతుంది. ఆ అంచుల్లో అది ఎంత ఉందో తేల్చడమే వాడి పని.

ఆ వాయువు సంగతి నాకూ అనుమానమే. ఇప్పటికీ కొంత ఉంది. పోయిన క్రిస్మస్‌కి చలిమంట దగ్గర నిలదీశాను.

"లక్షల డిగ్రీల వేడంటన్నావు. మరి మనకీ సలేటిరా?"

పగలబడి నవ్వాడు. "అది మరీ పల్చన అన్నా. అందులో సెయ్యెడితే కాలదు, సలికి కొయ్యబారిపోద్ది."

"అంత పల్చనైతే ఉందని ఎలా నమ్మీమంటావు?"

"నేనూ బేగి నమ్మను. పక్కనున్న ఖాళీ ఆకాశం కూడా కొంచెం మెరుస్తాది. ఆ మెరుపంతా ముందు తీసెయ్యాలి. అప్పుడేటైనా మిగిల్తేనే ఉన్నట్టు."

నిన్న సాయంత్రం నేనూ అదే చేశాను. ఇంటింటికీ తిరిగి, వాడు దేవుడు లేడనడం మీరు విన్నారా అని అడిగాను. ఒకాయన తన వదిన చెప్పిందన్నాడు. ఆ వదినమ్మనడిగితే, "నాకేటి తెలుసు, అందరూ అంటన్నారు గదా!"

అందరూ అన్నదంతా తీసేశాను.

ఏమీ మిగల్లేదు.

వాళ్లమ్మ సమాధి పక్కన ఒక్క చోటు ఖాళీగా ఉంది. అది ఎవరి కోసం దాస్తున్నారు, సంఘ పెద్దలూ?

ఆకాశాలు దేవుని మహిమ చాటుతున్నాయని ఆదివారం గొంతు చించుకుని పాడతాం. ఆ మహిమను తొంగి చూసినవాణ్ని బయటికి తోస్తామా? ప్రభువునూ ఊరి ద్వారం బయటే, ఆ గవిని వెలుపలే చంపారు. తోసినవాళ్ల పక్కన నిలబడతారా మీరు?

తమ్ముడూ, అమ్మ పక్కన నెమ్మదిగా పడుకో. ప్రభువు నీకు తన విశ్రాంతినిచ్చుగాక.

మూడింటికి తమ్ముణ్ని తెచ్చే బండి వస్తుంది. గొయ్యి తవ్వడానికి ఇంటికో మనిషి రావాలన్నది మన ఆచారం. లైక్ కొట్టి ఊరుకోకండి. గునపం పట్టుకుని ఇప్పుడే బయల్దేరండి.

కంచె లోపల తవ్వుదాం.