తొంభై మందికి ఒక్క సారు

మా చిన్నది మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం తెలుగు వాచకం ముందేసుకుని గడగడా పాఠం చదువుతోంది. నేను బియ్యం ఏరుతూ వింటున్నాను. ఒక్క తప్పు లేదు. మురిసిపోయి దగ్గరకు వెళ్లి చూస్తే, తెరిచిన పేజీ ఒకటి, చదువుతున్న పాఠం ఇంకొకటి. ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటో చెప్పమన్నాను. అది నా మొహంలోకి చూసింది గాని పుస్తకంలోకి చూడలేదు.

ఆ తరగతిలో తొంభై మంది పిల్లలు, ఒక్క సారు. ఆయన ఒక వాక్యం చెబితే తొంభై గొంతులూ తిరిగి చెబుతాయి. అందులో ఎవరు చదువుతున్నారో, ఎవరు నోరు మాత్రమే కదుపుతున్నారో ఆయనకు ఎట్లా తెలుస్తుంది? మా బిడ్డ చివరన గోడకు ఆనుకుని కూర్చునేది. అక్కడిదాకా ఆయన నడిచి రావడానికి దారే లేదు.

"డిగ్రీ చదివినవు గదా, ఇంట్ల నువ్వే చెప్పుకోరాదు?" అంది పక్క క్వార్టరు వదినె.

"నా బిడ్డకు నేను చెప్పుకుంట. దాని పక్కన కూసునే నీ కొడుక్కు ఎవలు చెప్తరు?"

తరగతిని రెండు చేసి ఇంకో సారును ఇవ్వాలని నేను రాసిన దరఖాస్తు మీద మొదటి సంతకం ఆమెదే.

మగవాళ్ల సంతకాల కోసం వాళ్లు బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వచ్చే వేళకు గుమ్మాల దగ్గర కాపు కాశాను. మా ఆయన స్నేహితుడొకడు, "ఎందుకింత ఫికర్ అక్కా, తెలంగాణ రానియ్యి, బడులన్ని అవ్వే మంచిగైతయ్" అన్నాడు. "వస్తది తమ్మీ, అప్పటిదాంక నా బిడ్డ మూడో తరగతిలనే ఉంటదా?" అన్నాను. నవ్వుతూ సంతకం పెట్టాడు. మండలం ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాక అధికారి, "నేనే వచ్చి కండ్లార చూస్త" అన్నాడు.

అక్కడే చెడింది. ఇన్‌స్పెక్షన్ అనే మాట మా క్వార్టర్లలో వినపడితే చాలు, బాయిలో పనిచేసే మనుషుల చేతులు ఊరుకోవు. కింద గనికి ఎవరైనా చూడవస్తున్నారంటే ముందు రోజే దారులు ఊడ్చి, గోడలకు తెల్లపొడి చల్లి, అక్కర్లేని మనుషులను పక్కకు పంపడం వాళ్లకు అలవాటు. మా ఆయనా మరో ముగ్గురూ కలిసి తరగతి గదికి సున్నం వేశారు. ఆడవాళ్లు చొక్కా చిరిగిన పిల్లలను, ముక్కు కారేవాళ్లను, తమ్ముళ్లను చంకన వేసుకుని వచ్చేవాళ్లను ఇంట్లోనే ఉంచారు. ప్రతిదానికీ అడ్డం మాట్లాడే నేను కూడా ఆ రోజు బిడ్డకు ఇస్త్రీ బట్టలు తొడిగి, నూనె రాసి జడ వేసి, ముందు వరుసలో కూర్చోబెట్టి వచ్చాను. మేం ఏం చూపించాలనుకున్నామో నాకే గుర్తు రాలేదు.

అధికారి వచ్చి చూశాడు. తెల్లటి గోడలు, సర్దుకుని కూర్చున్న ముప్పైమంది పిల్లలు.

"ఇంత సక్కటి తరగతి మండలంల ఇంకోటి లేదు. ఇంకో సారు ఎందుకమ్మా?"

సారు తల వంచుకున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్క అర్ధగంట కూసోండ్రి సార్, చాయ్ తెప్పిస్త."

"ఇంక రెండు బళ్లు చూసేదున్నది."

"మీ ఆఫీసు బెంచి మీద నేను నాలుగుసార్లు కూసున్న. మా బళ్లె మీరు ఒక్కసారి కూసోండ్రి."

కూర్చున్నాడు. ఆడవాళ్లు క్వార్టర్ల వైపు పరుగెత్తారు. పిల్లలు ఉన్నవాళ్లు ఉన్నట్టే వచ్చారు. ఒకడికి గుండీలు లేవు. ఒకతె తల మీంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు రోజూ కూర్చునే చోట్లలో కూర్చున్నారు: బల్లల సందుల్లో, నల్లబల్ల కింద, కిటికీ గట్టు మీద, చివరికి అధికారి కుర్చీ కాళ్ల దగ్గర. ఆయన చాయ్ తాగి లేవబోతే కాలు పెట్టే చోటు లేదు.

అప్పుడు ఆయన మోకాళ్లకు ఎదురుగా ఉన్న పిల్లను చదవమన్నాడు. అది నా బిడ్డే. గడగడా అందుకుంది. ఆయన పేజీ తిప్పాడు. అది ఆగలేదు. ఇంకో పేజీ తిప్పాడు. పాఠం అదే నడుస్తోంది. నాకు అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

"పిల్ల పేరేంది సార్?" అని అధికారి అడిగాడు.

"తెల్వది సార్," అన్నాడు సారు. "అందరి పేర్లు నేర్చుకునేటందుకు నాకు సందు దొరకలే."

ఆ మాటకు నేను ఆయన మీద పడి పోట్లాడాల్సింది. కానీ అంతమంది ముందు నిజం ఒప్పుకున్న మనిషితో పోట్లాట ఏముంటుంది?

నెల తిరగకుండా వేరే బడి నుంచి ఒక టీచరమ్మను పంపారు. పాత సామాన్ల గది ఖాళీ చేసి సగం మందిని అందులో కూర్చోబెట్టారు. మా బిడ్డ ఆ సగంలో పడింది. తర్వాత కొన్నాళ్లు నేను పుస్తకం తీసి చదవమని దాన్ని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఒకరోజు టీచరమ్మ నన్ను బడి గేటు దగ్గర ఆపింది.

"మీ బిడ్డతోని పరేషానైతుందమ్మా. పక్క పిల్ల తప్పు చదివితె పుస్తకం గుంజుకుంటది. నిన్న నేను చదివిన మాటనే తప్పన్నది."

"తప్పు చదివిన్రా?"

"తప్పే చదివిన. జల్దిల ఒక మాట ఎగిరిపోయింది. అయితె మాత్రం గట్ల అంటదా?"

"అనొద్దు. చెప్త టీచర్," అన్నాను.

ఆమె లోపలికి వెళ్లింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఇంటికి పోయి దాన్ని మందలించాలి. మందలిస్తాను, తొందరేముంది. లోపల ఏదో పిల్ల ఒక్కతే పాఠం చదువుతోంది, ఆగి ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఎవరూ దానితో గొంతు కలపలేదు.